ఓబులమ్మ నడిచిన దూరం

ఆ యేడు బద్వేలు పక్క వరుసగా రెండో కరువు. కడపలో వారపత్రిక నడుపుతున్న వెంకటేశ్వర్లు అక్కడి తాగునీళ్ల గురించి మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ కలెక్టరు కచేరీ నుంచి ఒకటే జవాబు: ప్రతి ఊరికీ మైలు లోపల బావి ఉంది.

పత్రికలో బొమ్మలకు కొయ్య అచ్చులు చెక్కే జిలాని బాషా ఆ ఇంగ్లీషు జవాబును చదివించుకుని విన్నాడు.

"బావి ఉండాది సరే, నీళ్లుండాయని యాడా రాయలేదు కదప్పా. నేను పోయి చూసొస్తా."

పన్నెండు రోజులు బాషా కనిపించలేదు. ఊరూరికీ పోయి, బిందెలెత్తుకున్న ఆడవాళ్ల వెనకే నడుస్తూ అడుగులు లెక్కపెట్టాడట. తిరిగొచ్చేసరికి మడమలు పగిలి ఉన్నాయి. ఆ రోజే ఆ ఊళ్ల పటం చెక్కడానికి చెక్క ముందేసుకున్నాడు. కాగితం మీద సరిగ్గా పడాలంటే పటమంతా తిరగేసి చెక్కాలి. నీళ్లున్న బావికి నల్లచుక్క, ఎండినదానికి ఉత్త సున్న. ప్రతి ఊరి నుంచీ ఆడవాళ్లు నీళ్లకు పోయే చోటిదాకా ఒక గీత.

ఒక్క గీత మాత్రం చెక్క అంచు దాటిపోతోంది. అది ఓబులమ్మ అనే కూలిమనిషి దారి. పోను నాలుగు మైళ్లు.

"కొంచెం కురచ చెయ్యి బాషా, పేజీలో పట్టదు," అన్నాడు వెంకటేశ్వర్లు.

"ఆమె నడిచేదాన్ని మనమెట్ల తగ్గిచ్చేదప్పా?" అంటూ బాషా ఇంకో చెక్క అతికించాడు.

వెంకటేశ్వర్లుకు సిగ్గేసింది. రెండు ప్రకటనలు తీసేసి ఆ గీతకు చోటిచ్చాడు.

పత్రిక వచ్చిన పదోరోజు ఒక అధికారి ఆ కాగితం పట్టుకుని ఓబులమ్మ పల్లెకు బయల్దేరాడు. వీళ్లిద్దరూ వెంట వెళ్లారు. ఓబులమ్మ తన గీత ఏదో అడిగి తెలుసుకుని, దాని మీద వేలు పోనిచ్చింది.

"దూరం సరిగ్గానే గీసినావు నాయనా. నడుమ గుట్ట ఎక్కాల కదా, అదేది?"

"అడుగుల లెక్కలో పడి గుట్ట మరిసినా తల్లీ," అన్నాడు బాషా, తల దించుకుని.

అధికారి ఆమె వెంట నీళ్లకు నడిచాడు. గుట్ట దిగేసరికి చొక్కా తడిసి ముద్దయింది. నెల తిరక్కుండా ఏడూళ్లలో బావుల పని మొదలైంది. నాలుగింట నీళ్లు పడ్డాయి. ఓబులమ్మ ఊరు అందులో ఒకటి.

ఆ కబురు చెబుదామని సంబరంగా వచ్చిన వెంకటేశ్వర్లుకు బాషా కొత్త చెక్క మీద గుట్టలు చెక్కుతూ కనిపించాడు.

"నీళ్లు పడినాయి కదా, మళ్లా ఎందుకు?"

"మూడూళ్లోళ్లు ఇంకా నడస్తానే ఉండారప్పా."

వెంకటేశ్వర్లు పక్కనే కూర్చుని, ఆ మూడూళ్ల పేర్లకు సీసపు అక్షరాలు ఏరసాగాడు.