వార్నిష్ కింద చిలుము

మూడో లారీ కాటా మీదికి ఎక్కేసరికి ఏడు దాటి ఇరవై నిమిషాలైంది. అతను కిటికీలోంచి తల బయటికి పెట్టి, వెనక చక్రాలు కూడా ఇనుప పలక మీదికి పూర్తిగా వచ్చాయో లేదో చూసి, ఇంజను ఆపమని చెయ్యి ఊపాడు. డబ్బాలోని ఎర్ర అంకెలు కాసేపు ఊగి ఒకచోట కుదురుకున్నాయి. అతను వాటిని చీటీ మీద రాశాడు. మళ్ళీ ఒకసారి డబ్బా వంక చూసి, అప్పుడు అంకె కింద గీత గీశాడు. రెండుసార్లు చూడకుండా గీత గీయడు. ఇరవై ఆరేళ్ళుగా అదే అలవాటు.

తుక్కు యార్డుకు వచ్చే ప్రతి లారీ లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, ఖాళీ అయి తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అతని కిటికీ ముందు ఆగాలి. అందరూ అతన్ని కాటాయన అంటారు. యాభై నాలుగేళ్ళ మనిషి, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కుడిచేతి చూపుడు వేలి మీద కాలిన మచ్చలుంటాయి. అవి లారీల వల్ల వచ్చినవి కావు. అతని గదిలో ఒక మూల, పాత కర్టెను వెనక, ఆకుపచ్చ అక్షరాల చిన్న కంప్యూటర్ తెర, టంకం పెట్టే కడ్డీ, స్క్రూలు నింపిన బిస్కెట్ డబ్బాలు ఉంటాయి. కాలం చెల్లిన కంప్యూటర్లను తెచ్చి బాగుచేయడం అతని సరదా. ఇంట్లో మంచం కింద, బీరువా మీద, మెట్ల కింద అవే. “ఊళ్ళో తుక్కంతా తూస్తారు, మనింట్లోది ఎప్పుడు తూస్తారు?” అని భార్య నెలకోసారైనా అడుగుతుంది. అతను నవ్వి ఊరుకుంటాడు.

ఇవాళ అతనికి దేనికీ నవ్వు రావడం లేదు. తెల్లవారుతుండగా ఫోను మోగింది. ఎనిమిదేళ్ళ తర్వాత వదిన గొంతు. వదిన అంటే సొంత వదిన కాదు, గడియారాలు బాగుచేసే అన్న భార్య. ఆమె నిష్ఠూరాలేమీ ఆడలేదు.

“మీ అన్నకు మూడ్రోజులుగా గొంతులోకి ఏమీ దిగడం లేదు. తెలివైతే ఉంది. చూసే ఉద్దేశం ఉంటే ఇవాళే రా. రేపంటే నేను చెప్పలేను” అని పెట్టేసింది.

గడియారాల అన్న, అతను పదిహేనేళ్ళు పాత కంప్యూటర్లు మార్చుకున్నారు. ఇది ఇచ్చి అది పుచ్చుకోవడం, అంతే. దానికొక పద్ధతి ఉండేది. ఆదివారం పూట దుకాణం వెనక గదిలో బల్ల మీద వస్తువు పెట్టి, మూత విప్పి, ఇచ్చేవాడు దానికున్న లోపాలన్నీ ముందు తన నోటితో చెప్పాలి. ఆ తర్వాతే మీట నొక్కాలి. చెప్పిన లోపానికి తగవు లేదు అనేవాడు అన్న. చెప్పని లోపం గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

ఎనిమిదేళ్ళ కిందట వచ్చింది. పక్కన ఎర్ర మీట, ముందు రెండు ఫ్లాపీ నోళ్ళు ఉన్న యంత్రం ఒకటి అతనికి దొరికింది. అన్న చాలాకాలంగా వెతుకుతున్నది అదే. తీరా విప్పి చూస్తే లోపలి బ్యాటరీ కారి, బోర్డు మీద ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. అతను వెనిగరుతో కడిగాడు. కడిగినా మచ్చ పోలేదు. పైన పల్చగా వార్నిష్ పూశాడు. ఆ ఆదివారం అన్న ముఖంలో సంతోషం చూసి, తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. నిజానికి సంతోషం ఒక్కటే కాదు. దానికి బదులు అన్న ఇవ్వబోయే కీబోర్డు మీద అతనికి ఆశ ఉంది. నెల తిరక్కుండా వార్నిష్ కింద చిలుము బోర్డు మీది రాగి దారులన్నీ తినేసింది. “ఆగిపోయిందిరా” అని అన్న ఫోను చేశాడు. “అయ్యో, పాతది కదన్నా” అన్నాడతను. ఆ మాట పలికిన నోటితో మళ్ళీ ఆ దుకాణం గడప తొక్కలేకపోయాడు. పనుందన్నాడు, ఒంట్లో బాలేదన్నాడు. చివరికి ఆ వీధిలోంచి వెళ్ళడమే మానేశాడు.

నాలుగో లారీ వచ్చింది. ఎక్కడో మూతపడ్డ ఆఫీసు సామాను. బరువు రాసి గీత గీస్తుండగా టార్పాలిన్ అంచు కింద ఎర్రగా ఏదో కనిపించింది. అతను కలం కింద పెట్టి బయటికి వచ్చాడు. చక్రం మీద కాలు పెట్టి ఎక్కి టార్పాలిన్ ఎత్తాడు. బొటనవేలంత ఎర్ర మీట. ముందు రెండు నోళ్ళు.

ఒకసారి తూచిన లారీలోంచి ఏదైనా తీయాలంటే అంత బరువూ తిరిగి పెట్టాలి. యజమాని పెట్టిన నియమం అది. ఆ కాటాకు పది కిలోల లోపు తేడా కనపడదు. తొమ్మిది కిలోలు మాయం చేసినా అడిగేవాడు లేడు. అయినా ఇన్నేళ్ళలో అతను బరువుకు బరువు పెట్టకుండా ఒక్క వస్తువూ తీయలేదు. అందుకోసం గది వెనక ఇనుప ముక్కలు పోగుచేసి ఉంచుకుంటాడు. చేతికాటా కొక్కేనికి యంత్రాన్ని తగిలిస్తే తొమ్మిదింబావు. గది వెనక్కి వెళ్ళి చూస్తే పోగు లేదు. నిన్న కొత్తగా వచ్చిన స్వీపరు అంతా ఊడ్చి నలిపే మిషన్‌లో వేసేసింది.

“తొందరగా కానీ బాబాయ్. ఎనిమిదింటికి మిషన్ మొదలెడతారు. నాకింకా రెండు ట్రిప్పులున్నాయి” అన్నాడు డ్రైవరు.

అతను చుట్టూ చూశాడు. పలక, గోడ, తలుపు, ఏదీ తనది కాదు. గదిలో ఉన్న ఇనుప స్టూలు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్నది. కొక్కేనికి తగిలించాడు. తొమ్మిదిన్నర. మోసుకొచ్చి లారీలో పెట్టాడు.

డ్రైవరు నోరు తెరిచి చూశాడు. “బాబాయ్, దానిమీద కూర్చోలేం కదా?” అన్నాడు యంత్రాన్ని చూపిస్తూ.

అతను పోనిమ్మని చెయ్యి ఊపాడు.

లారీకీ లారీకీ మధ్య నిలబడే పని చేశాడు. మూత విప్పేసరికి అదే చిలుము. బ్యాటరీని కత్తిరించి పారేశాడు. బ్రష్షుతో కడిగాడు, తుడిచాడు, దీపం కింద పెట్టి చూశాడు. తలవెంట్రుకంత సన్నటి రాగి దారులు రెండు తెగిపోయి ఉన్నాయి. వాటికి వైరు వేసి టంకం పెడుతుంటే హారన్ మోగింది. కడ్డీ దించి, బరువు రాసి, రెండుసార్లు చూసి, గీత గీసి, మళ్ళీ కడ్డీ ఎత్తాడు. అలా పదకొండు లారీలు. మధ్యాహ్నం ఒంటిగంటకు మీట నొక్కితే తెర వెలిగింది. ఆపి మళ్ళీ నొక్కాడు, వెలిగింది. మూడోసారీ వెలిగింది. నాలుగోసారి ఫ్యాను తిరిగిందే తప్ప తెర నల్లగానే ఉండిపోయింది.

దాన్ని సరిచేయాలంటే రెండు రోజులు కావాలి.

రెండింటికి అతని బదులు డ్యూటీకి రావలసిన మనిషి రాలేదు. కాటాను వదిలి వెళ్ళడానికి లేదు. అతను గుమ్మంలో నిలబడి రోడ్డు వంక చూశాడు. మోకాళ్ళు లాగుతున్నాయి. జేబులో ఫోను కదిలినట్టయి తీసి చూశాడు. ఏమీ లేదు. రెండు నలభైకి ఆ మనిషి నింపాదిగా వచ్చి, “స్టూలేదీ?” అన్నాడు. అతను తాళాల గుత్తి ఆ చేతిలో పెట్టాడు.

యంత్రాన్ని గోనెసంచిలో చుట్టి సైకిలు క్యారియర్‌కు కట్టాడు. ఎక్కి తొక్కితే పావుగంట. కాని గోతుల్లో పడితే ఆ వైర్లు ఊడతాయి. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సంచి మీద పెట్టి నడిపించుకుంటూ బయల్దేరాడు. రోడ్డు బాగున్నచోట పరుగులాంటి నడక, గొయ్యి వచ్చినచోట చక్రాన్ని ఎత్తి దించడం. దారంతా, ఈ ఒక్కసారికి బాగుందని చెప్పేస్తే ఏం పోయింది అని మనసు అంటూనే ఉంది.

వదిన తలుపు తీసింది. జుట్టు తెల్లబడింది. సంచి వంక చూసి, అదేమిటో అడక్కుండానే తెలుసుకుని, గొంతు తగ్గించింది.

“లోపం గీపం అని మొదలెట్టకు. బాగుందను. ఈ పూట ఆయన్ని కష్టపెట్టకు.”

అతను తల ఊపాడు.

గదిలో కిటికీ పక్కన మంచం. అన్న మీద కప్పిన దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. గోడ మీద గడియారాలు ఉండాల్సిన చోట తెల్లటి గుండ్రటి మరకలున్నాయి. ఆ చప్పుడు పడటం లేదంటే అన్నీ తీసేశానని వదిన చెప్పింది. మూల బల్ల మీద పాత కంప్యూటర్ తెర మాత్రం గుడ్డ కప్పుకుని అలాగే ఉంది. అతను ఆ గుడ్డ తీసి, సంచి విప్పి యంత్రాన్ని దాని పక్కన పెట్టి వైర్లు కలిపాడు.

అన్న కళ్ళు తెరిచి చాలాసేపు ఎర్ర మీట వంక చూశాడు.

“ఎంత తూగింది?”

“తొమ్మిదింబావు.”

“బదులేం పెట్టావు?”

“నా స్టూలు.”

అన్న భుజాలు కదిలాయి. అది నవ్వని అతనికి ఆలస్యంగా తెలిసింది. “పొద్దుటినుంచీ నిలబడ్డావన్నమాట. మూత తియ్యి.”

అతను వెనక నాలుగు స్క్రూలు విప్పాడు. పెట్టడానికి చోటు వెతుకుతుంటే అన్న దుప్పట్లోంచి అరచెయ్యి చాపాడు. వెనకటి ఆదివారాల్లోనూ అంతే, స్క్రూలు పట్టుకోవడం పుచ్చుకునేవాడి పని. అతను ఒక్కొక్కటే ఆ చేతిలో పెట్టాడు. చెయ్యి ఇనుముకన్నా చల్లగా ఉంది.

“ఊఁ, చెప్పు.”

గుమ్మంలో వదిన నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. అతను ఆమె వైపు చూడలేదు.

“బ్యాటరీ కారింది. తీసేశాను. రెండు దారులు తెగితే వైరేశాను. నాలుగుసార్లు నొక్కితే ఒకసారి లేవట్లేదు.”

“ఇంకా?”

“టైము నిలవదు. ఆపిన ప్రతిసారీ మొదటికొస్తుంది.”

“అలాంటివి నా దగ్గరికి బోలెడొచ్చాయిలే. ఇంకా?”

“దీనికి అంతే.”

“దీనికి” అన్నాడు అన్న.

బయట ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అతను యంత్రం అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“ముందుదానికీ చిలుము పట్టిందన్నా. ఇచ్చేముందే చూశాను. కడిగితే పోలేదు. పైన వార్నిష్ పూసి తెచ్చాను. నీకు చెప్పలేదు.”

“వార్నిష్ వాసన నాకు తెలీదట్రా? నలభై ఏళ్ళు గోడ గడియారాలకు పూసినవాణ్ణి.”

అతను తలెత్తాడు. “మరెందుకు తీసుకున్నావు?”

“మీట నొక్కేలోపు చెప్తావనుకున్నా. తర్వాత, పై ఆదివారం చెప్తావనుకున్నా.” అన్న కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “చాలా ఆదివారాలు పోయాయిరా.”

వదిన గ్లాసు మీద మూత సర్దింది.

“సరే, నొక్కు” అన్నాడు అన్న కళ్ళు మూసుకుని. “ఏమొచ్చిందో చదువు. ఇక్కణ్ణుంచి నాకు కనపడదు.”

అతను మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది. ఆపి, మనసులో పది లెక్కపెట్టి, మళ్ళీ నొక్కాడు. నలుపే. పొద్దుట వేసిన వైరును గోటితో మెల్లగా అదిమి మూడోసారి నొక్కాడు. కీచుమని ఒక చిన్న కూత వచ్చింది. పై మూలలో, యంత్రం తన మెమరీని లెక్కపెట్టుకునే ఆకుపచ్చ అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి.

“అరవై నాలుగు” అని చదివాడతను. “నూట ఇరవై ఎనిమిది... రెండొందల యాభై ఆరు... ఐదొందల పన్నెండు...” కన్ను తిప్పితే అది ఆగిపోతుందేమోనని తెర మీంచి చూపు తీయలేదు. “ఆరొందల నలభై. అయిపోయిందన్నా. పూర్తిగా లేచింది.”

తేదీ అడుగుతూ కర్సరు మిణుకుమంటోంది. వెనక నుంచి జవాబు లేదు. అతను తిరిగి చూసేసరికి వదిన మంచం పక్కన కూర్చుని, అన్న గుండె మీద చెయ్యి పెట్టి ఉంది. గ్లాసు కిటికీలో పెట్టేసింది. ఆమె అతని వైపు చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆమె గాని అతను గాని వెంటనే ఏడవలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కాసేపటికి ఇరుగుపొరుగు రావడం మొదలైంది. యంత్రాన్ని ఏం చేయాలో తెలియక అతను తాళ్ళకోసం వెతుకుతుంటే వదిన ఆపింది. “చెప్పే ఇచ్చావుగా. అది ఆయనదే. మూత పెట్టి ఉంచు” అంది. ఆమే అన్న వేళ్ళు విడదీసి స్క్రూలు అందించింది. మూడే ఉన్నాయి. అతను ఆ మూడూ బిగించి, అన్న పాదాల దగ్గర కాసేపు నిలబడి, మిగతావాళ్ళకు చోటిచ్చి వరండాలోకి వెళ్ళాడు.

దుప్పటి మార్చేటప్పుడు నాలుగోది నేల మీద పడి దొర్లింది. ఎవరో దాన్ని తీసి, ఏమిటో తెలియక, చేతికందిన చోట పెట్టారు. కిటికీలో, ఎవరూ తాగని నీళ్ళ గ్లాసు మీది స్టీలు మూతలో, గాడిలో సన్నటి తుప్పుతో ఆ స్క్రూ పక్కకు ఒరిగి ఉంది.