అమ్మవారికి తలంటు

మా ఆఫీసులో నా పని రాళ్ళకి సిరా పూయడం. పెళ్ళిళ్ళలో మావాళ్ళు నన్ను కొత్తవాళ్ళకి ఇలాగే పరిచయం చేసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను, లోపల పళ్ళు నూరుకుంటూ. ఎనిమిదివందల ఏళ్ళ కిందట బర్మాని ఏలిన బగాన్ రాణులు బౌద్ధ ఆశ్రమాలకి పొలాలు ధారపోసి, ఆ సంగతి రాళ్ళ మీద చెక్కించారు. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఎల్లలేమిటి, 'విన్నవారు' అంటే సాక్షులెవరు, కాజేసినవాడు ఏ నరకానికి పోతాడు, అన్నీ ఆ వరసలోనే ఉంటాయి. నేను ఆ రాళ్ళ మీద తడికాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొట్టి, ఆరీ ఆరకముందే సిరా మూటతో అద్దుతాను. నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు లేస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఇదే నా బతుకు.

అలాంటిదాన్ని, మా సొంత నేల పోతుంటే కాగితం ముక్క చూపించలేక నోరు వెళ్ళబెట్టాను.

తన్లిన్‌లో ఏటి ఒడ్డున ఒక చిన్న ఆశ్రమం ఉంది. దాని ఆవరణ చివర మా తెలుగువాళ్ళది ఒక సత్రం. టేకు స్తంభాలు, రేకుల కప్పు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కి బర్మా వచ్చినవాళ్ళు మొదటి రాత్రి పడుకున్నది అందులోనే అంటారు. నా పెళ్ళి అక్కడే జరిగింది. మా నాన్న శవాన్ని అక్కడి నుంచే లేవనెత్తారు. ఆదివారాలు పిల్లలకి అక్కడే అఆలు దిద్దిస్తాం. ఈ ఏడాది వేసవిలో దాని గేటుకి నోటీసు అంటించారు. పక్కన ఉన్న కంపెనీ ఆ నేల తమదేనని గోడౌన్ కట్టబోతోందట. అభ్యంతరం ఉన్నవాళ్ళు శుక్రవారంలోగా రుజువు చూపాలట, లేకపోతే సత్రం పడగొడతారట. మా చేతిలో ఉన్నవి అయిదు రోజులు.

కంపెనీ తరఫున తిరుగుతున్న బ్రోకరు ఎవరనుకున్నారు? మా మేనత్త కొడుకు రాజమోహన్. ఆఫీసు బోర్డు మీద ముత్తాత పేరు బంగారు రంగులో రాయించుకున్నాడు, 'మేస్త్రీ యర్రయ్య అండ్ సన్స్' అని. ఓడరేవులో రెండొందల మందిని నడిపిన మేస్త్రీ తన ముత్తాత అని, కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు.

"కాయితం ఉందేటి హైమా?" అన్నాడు సత్రం మెట్ల మీద నిలబడి. "ఉంటే తే, నానే కంపెనీకి చెప్పి ఆపించీస్తాను. నేదంటే ఊరికే గొడవెందుకు? ఆళ్ళు మనకి వేరే చోట హాలు కట్టిత్తామంటన్నారు, ఏసీ హాలు."

"ఏసీలో కూర్చుంటే ఏడుపు బాగా వస్తుందా బావా?" అన్నాను. నాకు కోపం వస్తే ఇలాంటి మాటలే వస్తాయి. అవి ఎవరికీ పనికిరావు.

ఆశ్రమం పెద్ద భిక్షువు సయాడోని వెంటబెట్టుకుని సోమవారం భూమి కొలతల ఆఫీసుకి వెళ్ళాను. ఎనభై దాటిన ఆ భిక్షువుకి యుద్ధంలో ఆశ్రమం కాగితాలన్నీ కాలిపోయిన సంగతి మాత్రమే తెలుసు. అక్కడి అధికారిణి మే తు, ఇక్కడి ఆడవాళ్ళందరిలా చెంపల మీద తనకా చెక్క గంధం పూసుకున్న చిన్న పిల్ల, ఓపికగా పాత రిజిస్టరు వెతికి తీసింది. మా నేల పేరున ఒకే ఒక్క వరస ఉంది: 'ఒక స్త్రీ ఆశ్రమానికి ధారపోసిన నేల. ఎల్లలు రాతిలో ఉన్నట్టు.'

"ఆ రాయి చూపించండి ఆంటీ," అంది మే తు. "రాయి ఉంటే నేల మీది. దానమిచ్చిన నేలని ఎవరూ అమ్మలేరు, కొనలేరు. రాయి లేకపోతే ఈ వరసకి అర్థం లేదు. శుక్రవారం పొద్దున వస్తాను."

నా ప్రాణం లేచొచ్చింది. రాళ్ళని వెతకడం నాకు రాని విద్యా? సోమవారం సాయంత్రం నుంచి మంగళవారమంతా ఆశ్రమం బావి గట్టు, ఏటి మెట్లు, గోడల పునాదులు, చాకిరేవు బండలు తిరగేశాను. చీర కొంగు బురదలో ముంచి, మోకాళ్ళు దోక్కుని, చివరికి దొరికింది గ్రైండరు రాయి ఒకటి. రాజమోహన్ కంచె అవతల నిలబడి వేరుశనగలు తింటూ చూశాడు.

బుధవారం పొద్దున ఓడిపోయిన ముఖంతో సత్రంలోకి వచ్చి కూలబడ్డాను. మూల అరుగు మీద మా అమ్మవారు. ఆ పక్కనే గంగాభవాని పెద్దమ్మ. ఆవిడకి డెబ్బై తొమ్మిది. అమ్మవారి పూజ వాళ్ళమ్మ నుంచి ఆవిడకి వచ్చింది. యుద్ధానికి ఊరొదిలి పారిపోయిన మావాళ్ళు తిరిగొచ్చిన ఏడాది కలరా తగిలితే, పొదల్లో పడి ఉన్న అమ్మవారిని వాళ్ళమ్మే లేపి నిలబెట్టి పసుపు రాసిందట. కలరా పోయింది. అప్పటి నుంచి ప్రతి మంగళవారం నూనె, పసుపు, కుంకుమ. ఇప్పుడు ఆ రాయి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు లేరు. వేలెడు మందాన పసుపు ముద్ద, దానికి అంటించిన రెండు వెండి కళ్ళు, చుట్టూ చీర, అంతే.

పెద్దమ్మ పాత చీర విప్పి కొత్తది చుట్టబోతోంది. ఆ ఒక్క నిమిషం అమ్మవారి రూపు నా కళ్ళబడింది. పైన గుండ్రటి తల. దాని కింద అటూ ఇటూ కొలిచి కోసినట్టు రెండు భుజాలు.

అలాంటి తల, అలాంటి భుజాలు ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. అవి దానశాసనం రాతికి ఉంటాయి. నలభై ఏళ్ళుగా ఏటేటా దాని ముందు సాగిలపడి, పరీక్ష పాసవ్వాలనీ మొగుడు తాగుడు మానాలనీ మొక్కుకున్న మనిషిని నేను. దీపం కిందే చీకటి అంటారు. నా తలకాయ కిందే ఉంది ఆ చీకటి.

"పెద్దమ్మా, చీర కట్టకు! అది అమ్మవారు కాదు, శాసనం! పసుపంతా గీకెయ్యాలి!"

ఈ మాట ఇలా అనకూడదని అన్న తరవాత తెలిసింది. పెద్దమ్మ లేచి, అమ్మవారికీ నాకూ మధ్య నిలబడింది.

"ఏటన్నావే? ఇంకోపాలి అను! మా యమ్మ లేపిన తల్లి. నా ముగ్గురు పిల్లల్ని బతికించిన తల్లి. దాన్ని పట్టుకుని రాయంటావా? నీ ఆపీసులో పూసుకోయే నీ సిరా! ఈ మొకం మీద కత్తి పెట్టేవంటే ముందు నన్ను కోసీ!"

నేనూ అరిచాను. మూఢత్వమన్నాను, సత్రం పోతే అమ్మవారిని ఏ ఫుట్‌పాత్ మీద కూర్చోబెడతావన్నాను. ఆవిడ చీపురు తీసింది. నేను బయటికొచ్చి ఏటి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వెక్కి వెక్కి ఏడ్చాను.

మధ్యాహ్నం పెద్దమ్మే వచ్చింది. నా పక్కన కూర్చుంది.

"ఒలే, సత్తరం పోతాదేటి నిజంగా?"

"పోతుంది పెద్దమ్మా. శుక్రవారం."

"నీకు నమ్మకమేనా? అమ్మ ఒంటి మీద రాతుందని?"

"నా ఉద్యోగం మీద ఒట్టు."

"నీ ఉద్దోగం ఎవులిక్కావాలి," అని విసుక్కుని, ఆవిడ కొంగు బిగించింది. "కత్తులూ బ్లేడులూ నాను ఒప్పను. అమ్మకి తలంటు పోత్తాం. ఎనబై ఏళ్ళై నూనె రాసీడమే గానీ తలంటు పోసినోళ్ళు నేరు. ఆడోళ్ళందర్నీ పిలు. సున్నిపిండి ఆడించు. నీ గోరు తగిలిందంటే సెయ్యి ఇరిసీతాను."

ఆవిడ చెప్పిందే పాత నూనె జిడ్డుకి సరైన మందని, ఇన్నేళ్ళు రాళ్ళు కడిగిన నాకు తట్టలేదు.

గురువారం పొద్దున పదిహేడుమంది ఆడవాళ్ళం పోగయ్యాం. మింగళ తౌంగ్‌న్యున్ పేట నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు కొందరు, బర్మా వాళ్ళని చేసుకుని తెలుగు సగం మర్చిపోయినవాళ్ళు కొందరు. డేగిశాలతో వేణ్ణీళ్ళు, బేసిన్ల నిండా పెసర సున్నిపిండి. పెద్దమ్మ మొదటి చెంబు పోసి, వెండి కళ్ళు రెండూ తీసి కొంగున ముడేసుకుంది. తరవాత అందరం రుద్దాం. పసుపు ముద్దలు ముద్దలుగా కరిగి జారింది. మంగళహారతి ఎవరో ఎత్తుకుంటే, తెలుగు రానివాళ్ళు చప్పట్లు కొట్టారు.

ముందు పైన గుండ్రటి భాగం తేలింది. అందులో చిన్న బొమ్మ. ఒక ఆడమనిషి నిలబడి, ముందుకి వేసుకున్న పొడుగాటి జుట్టుని రెండు చేతులా పిండుతోంది.

ఆవిడెవరో నాకు చూడగానే తెలిసింది. ఈ దేశంలో దానమిచ్చేవాళ్ళు నీళ్ళు ధారపోసి, భూదేవి వసుంధరని సాక్షి పెడతారు. ఆ నీళ్ళన్నీ ఆవిడ జుట్టులో దాచుకుని, అవసరమైన రోజున పిండి చూపిస్తుందని చెబుతారు. అదంతా గబగబా పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ నా మాట సగమే వింది.

"సూసేరేటే!" అని అరిచింది ఆడవాళ్ళందరికీ. "రాయంట, రాయి! తలంటు పోసుకుని జుట్టు పిండుకుంటంది మా యమ్మ!"

ఆ నవ్వులు ఏటి అవతలికి వినిపించి ఉంటాయి. నవ్వులు ఆగకముందే బొమ్మ కింద అక్షరాలు కనిపించాయి. నూనె, పసుపు ఎనభై వానాకాలాల నుంచి కాపాడిన అక్షరాలు, నిన్న చెక్కినట్టున్నాయి. పైన బర్మా గుండ్రాలు, కింద మన తెలుగు గుండ్రాలు. మధ్యాహ్నానికి రాయి ఆరింది. కాగితం తడిపి పరిచాను. సిరా అద్దుతుంటే నా చుట్టూ పదహారుమంది మెడలు చాచి నిలబడ్డారు. నా ఉద్యోగాన్ని మావాళ్ళు కళ్ళారా చూడటం అదే మొదలు.

శుక్రవారం మే తు టేపు పట్టుకుని వచ్చింది. సయాడోని కుర్చీలో కూర్చోబెట్టాం. కంపెనీ మనిషితో రాజమోహన్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, అత్తరు. నకలుని సత్రం గోడకి తగిలించి, నేను ముందు బర్మాలో చదివాను, తరవాత తెలుగులో చదివాను.

"బర్మా శకం పన్నెండువందల ఎనభై ఏడు. బియ్యం మిల్లులో గంపలు మోసిన వీరమ్మ అను నేను, ఓడ దిగిన మావాళ్ళు తలదాచుకొనుటకు, నా రెక్కలతో సంపాదించిన ఈ నేలను ఆశ్రమమునకు నీళ్ళు విడిచి ఇచ్చితిని. తూర్పున ఏటి మెట్లు. దక్షిణమున జంట తాటిచెట్లు. పడమట ఆశ్రమము బావి. ఉత్తరమున బండిబాట. దీనిని కాచినవారు నా పుణ్యములో సగము పొందుదురు. అమ్మినవారు, కొన్నవారు అవీచి నరకమునకు పోదురు, గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపమున పోదురు."

రెండు దేశాల శాపాలూ పెట్టింది, వందేళ్ళ కిందట గంపలు మోసిన ఆ మనిషి. బగాన్ రాణులెవరికీ ఆ ఆలోచన రాలేదు.

మే తు నాలుగు దిక్కులూ కొలిచింది. మెట్లున్నాయి, బావి ఉంది, బండిబాట ఇప్పటి రోడ్డు. తాటిచెట్లలో ఒకటి నిలబడే ఉంది. రెండోదాని మొద్దు కంపెనీ కంచెకి ముప్ఫై అడుగులు లోపల దొరికింది. "కంచె వెనక్కి జరపాలి," అంది మే తు కంపెనీ మనిషితో. అతను రాజమోహన్ వైపు చూశాడు. రాజమోహన్ తాటిమొద్దు వైపు చూశాడు.

"ఇంకా ఒక్క వరస ఉంది," అన్నాను. దాన్ని కావాలనే ఆఖరికి దాచుకున్నాను. "విన్నవారు: మేస్త్రీ యర్రయ్య."

రాజమోహన్ నకలు దగ్గరికి వచ్చాడు. చిన్నప్పుడు ఇదే సత్రంలో అఆలు దిద్దినవాడు. వేలు పెట్టి, కూడబలుక్కుని, ముత్తాత పేరు తనే చదువుకున్నాడు. మళ్ళీ చదివాడు. అతని కళ్ళు తడయ్యాయి. నిజం చెప్పాలంటే, ఏదో గట్టి మాట అందామని రాత్రంతా తయారుచేసుకున్నాను. అనలేకపోయాను.

"హైమా, ఈ కాలం సాచ్చులు కూడా కావాలా?" అన్నాడు మెల్లగా. "ఇన్నోడిగా నా పేరు రాయీ."

మే తు కాగితం మీద అతను సంతకం పెట్టాడు. పెద్దమ్మ వేలిముద్ర వేసింది. తరవాత మే తు పాత రిజిస్టరు తెరిచి, 'ఎల్లలు రాతిలో ఉన్నట్టు' అన్న వరస కింద బర్మాలో రెండు మాటలు రాసింది.

"ఏటి రాసిందే?" అంది పెద్దమ్మ.

"రాయి ఉంది అని."

"తప్పు రాసింది," అంది పెద్దమ్మ, కొంగుముడి విప్పి వెండి కళ్ళు బయటికి తీస్తూ. "రాయి కాదు. అమ్మ ఉందని రాయమను."

నేను బర్మాలోకి మార్చి చెప్పాను. మే తు జుట్టు పిండుకుంటున్న వసుంధరని ఒకసారి చూసి, నవ్వి, ఆ వరస పక్కనే రాసింది: 'అమ్మ ఉంది.'