ముందు టైరు

“బ్రేకు కాస్త మెల్లగా పట్టుకోవడం నేర్చుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదు కదా” అన్నారు మా ఆయన, శనివారం పొద్దున్న, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుండగా. నా ఎడమ మణికట్టుకి ఇంకా పట్టీ ఉంది. చొక్కాని మోచేత్తో అదిమిపెట్టి కుడిచేత్తో పెట్టె తోస్తున్నాను. బండి మీంచి పడి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో మా గడప తొక్కిన ప్రతివాళ్ళూ నాకు బ్రేకు వెయ్యడం నేర్పి వెళ్ళారు. మా ఆడపడుచు మొగుడికి సైకిలు కూడా సరిగ్గా రాదు, ఆయన కూడా సోఫాలో కూర్చుని కాళ్ళూ చేతులూ ఆడించి మరీ చూపించాడు. మా అత్తగారిది ఇంకో పాట. “ఆడదానికి అంత ఎత్తు బండేంటమ్మా, ఎక్కడానికి నిచ్చెన కావాలి!”

నిచ్చెన లేకుండానే రెండేళ్ళుగా ఎక్కుతున్నాను. నేను ఇళ్ళకి వెళ్ళి మందులిచ్చే, కట్లు కట్టే నర్సుని. కొండ మీది ఇళ్ళకి బస్సు లేదు, స్కూటర్లు సగం దారిలోనే మొరాయిస్తాయి. అందుకే తార్రోడ్డు మీదా మట్టిలోనూ నడిచే బండి ఏరికోరి కొనుక్కున్నాను. వారానికి ఐదు రోజులు దాని మీద కొండెక్కుతాను. ఆదివారం మాత్రం మా ఆయన దాన్ని తీసుకుని స్నేహితులతో హైవే మీద షికారు వెళ్తారు. కాగితాల్లో బండి నాది. చుట్టాల నోట్లో మాత్రం అది “అబ్బాయి బండి”.

నాలుగు నెలల కింద టైర్లు రెండూ అరిగిపోయాయని చెప్పాను. ఆయన వెనకది ఒక్కటే మార్పించారు, అదీ హైవేకి పనికొచ్చే నున్నటి టైరు. “లాగేది వెనక చక్రం. ముందుది ఊరికే దొర్లుతుంది, దానికేం తొందర?” అన్నారు. మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం పట్టు వదిలేస్తున్న సంగతి నా అరచేతులకి తెలుస్తూనే ఉంది. అయినా ఆయన అంత గట్టిగా చెప్పేసరికి నా చేతుల్ని నేనే నమ్మలేదు. పెళ్ళైన పదకొండేళ్ళుగా ఇదే నా జబ్బు. పాలు విరిగిపోయాయని నా ముక్కు చెబుతుంది, బాగానే ఉన్నాయని ఆయనంటే మళ్ళీ గిన్నె ఎత్తి వాసన చూస్తాను. బండి జారిన రోజు సన్నగా వాన పడుతోంది. కాలి పుండుకి కట్టు మార్చాల్సిన ముసలావిడ ఇల్లు ఇంకో రెండు మలుపుల దూరంలో ఉంది. ముందు చక్రం సబ్బు మీద కాలేసినట్టు జారిపోయింది, అంతే. అసలు నేను బ్రేకు వెయ్యనేలేదు. ఆ మాట మొదటి రోజే చెప్పాను. “కంగారులో నీకు గుర్తుండదులే” అన్నారు.

ఇంక మిగిలింది ఒక్క సంతకం. కొండ డ్యూటీ వద్దు, ఆఫీసులో రిజిస్టర్లు రాసే పని ఇప్పించండి అని మా ఆయన నా తరఫున దరఖాస్తు రాసి పెట్టారు. ఆయన దస్తూరీ ముత్యాలే. కారణం దగ్గర ‘కుటుంబ బాధ్యతలు’ అని రాశారు. సోమవారం ఇవ్వాలి. “టైరు షాపుకి ఫోన్ చేసి చెప్పేశాను. ముందుకి కూడా రోడ్డు టైరే వేస్తాడు. నువ్వు ఆఫీసులో కూర్చునేదానివే కదా, మట్టితో పనేముంది? బండి తీసుకెళ్ళి నిలబడితే చాలు” అన్నారు. ఆయన పనికైతే నా చెయ్యి బండి నడపడానికి బాగానే పనికొస్తుంది.

షాపు రెండు వీధుల అవతల. క్లచ్ నొక్కినప్పుడల్లా మణికట్టు సన్నగా లాగింది. షాపాయన కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, ముందు చక్రం విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలు టైరు చుట్టూ పోనిచ్చి, మధ్యలో ఆగి, నా కేసి చూశాడు.

“దీంతో మట్టిలో తిరిగింది ఎవరమ్మా?”

“నేనే.”

ఇంకేముంది, ఇక్కడ కూడా బ్రేకు పాఠం తప్పదనుకున్నాను.

“ఎన్నాళ్ళు?”

“మూడు నెలల పైనే. మూడు వారాల కింద పడ్డాను.”

“పడ్డం సరే. ఇది మొత్తం గుండైపోయింది. మూడు నెలలు పడకుండా ఎలా నడిపారమ్మా?”

నాకు ఏడుపొచ్చింది. టైర్ల వాసన మధ్య, హెల్మెట్ పట్టుకుని, చిన్నపిల్లలా ముక్కు ఎగబీల్చాను. మూడు వారాలుగా ఎందుకు పడ్డావని అడిగినవాళ్ళే గానీ ఎలా నిలబడ్డావని అడిగినవాళ్ళు లేరు. ఆయన కంగారుపడి స్టూలు జరిపాడు. “కూర్చోండమ్మా. సార్ రోడ్డు టైరు చెప్పారు గానీ, అసలు మీ దారి ఎలాంటిది?”

నా దారి! చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. పదకొండు కిలోమీటర్లు తారు, అక్కడినుంచి పంతొమ్మిది మట్టి. మొదటి వాగు దాకా గులకరాళ్ళు, తరువాత బంకమన్ను, వానొస్తే చక్రానికి పిండిముద్దలా అంటుకుంటుంది. వెనక మందుల పెట్టె బరువు. దిగేటప్పుడు రెండో మలుపు లోపలివైపుకి ఒరిగి ఉంటుంది, అక్కడ గేరు మార్చకూడదు. ఇదంతా నాకు తెలుసని నా గొంతులో వింటుంటే నాకే వింతగా ఉంది.

“వెనకది జారితే సర్దుకోవచ్చమ్మా. ముందుది జారితే పడ్డమే. ముందుకి గుబ్బలున్న బటన్ టైరు వేసుకోండి. వెనకదానికి తారు మీద అరుగుదల ఎక్కువ కాబట్టి, అటూ ఇటూ పనికొచ్చేది వేద్దాం. సార్‌కి ఒక మాట చెప్పమంటారా?”

“వద్దు. వెయ్యండి” అన్నాను. ఆఫీసుకి ఫోన్ చేసి సోమవారం కొండ డ్యూటీ నాకే ఉంచమన్నాను. మా పెద్ద నర్సమ్మ “హమ్మయ్య, ఆ ముసలావిడ ఇంకెవర్నీ కట్టు ముట్టుకోనివ్వట్లేదే తల్లీ” అంది. అప్పుడు మా ఆయనకి చేశాను. ఏ టైర్లు వేయిస్తున్నానో చెప్పాను. దరఖాస్తు మీద సంతకం పెట్టనని కూడా చెప్పాను.

నా చెయ్యి ఎలా ఉందని అడుగుతారేమో అనుకున్నాను. మళ్ళీ పడితేనో అంటారనుకున్నాను. అలా అని ఉంటే కాస్త మెత్తబడేదాన్నేమో.

“మరి ఆదివారం నా సంగతేంటి?” అన్నారు.

“ఈ టైర్లు మీకు అలవాటు లేదు కదండీ, పడిపోతారు” అన్నాను. “బండి జోలికి రాకండి.”