సావెత ఇల్లు, గవ్రిల్ గడప

వసంతం రాగానే సుప్లాకు ఊళ్లో అందరూ చెట్ల మొదళ్లకు సున్నం కొట్టుకుంటారు. సావెత మాత్రం ముందు కంచె పీకి జరుపుకోవాలి. ఏటా ఆమె ఇల్లు కొన్ని అడుగులు పడమటికి నడుస్తుంది మరి. ఇరుగుపొరుగు వచ్చి తలా ఓ గుంజ పట్టుకుంటారు. ఆమె అందరికీ ప్లమ్ పళ్ల సారా పోస్తుంది.

ఆ ఊరి నేల కింద ముడి నూనె తారులా చిక్కన. దానంతట అది పైకి రాదు. అందుకే కింద నిప్పంటించి, అది ఆరిపోకుండా గొట్టాల్లోంచి గాలి కొడుతుంటారు. నిప్పు కొంత నూనెను తిని, మిగతాదాన్ని పలచన చేసి బావుల వైపు తోస్తూ, తనూ మెల్లగా పడమటికి జరుగుతుంది. వెచ్చదనం మరిగిన సావెత ఇల్లు దాని వెంటే పోతుంది.

పడమట ఉన్నది గవ్రిల్ ఇల్లు. గాలి గొట్టాలను తెరిచి మూసే చక్రాలు తిప్పేది అతనే. వయసులో ఉండగా పెళ్లి మాటల దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది.

"నా ఇల్లు వదిలి రాను," అంది సావెత.

"అయితే ఆ ఇంటినే నా గడప దగ్గరికి తీసుకురా, చేసుకుంటాను," అని నోరు జారాడు గవ్రిల్. ఆ చలికాలమే ఇల్లు కదిలింది.

ఇప్పుడు ఇద్దరికీ జుట్టు నెరిసింది. మధ్యన ఒక్క పెరడే మిగిలింది. అప్పుడు మోసుకొచ్చింది పక్కింటి ఫ్లోరికా ఓ కబురు.

"శుక్రవారం గాలి ఆపేస్తున్నారట. ఇక పని ఉండదుగా, గవ్రిల్ ఒరాడియా పట్నంలో చెల్లెలి దగ్గరికి పోతాడేమో!"

సావెతకు కాలు నిలవలేదు. పిండి సగం పిసికి వదిలేసింది. బయటికెళ్లి నేల తడిమింది, లోపలికొచ్చింది, మళ్లీ వెళ్లింది. పొయ్యి మీద జామ్ మాడిపోయింది.

"ఆ కాస్త దూరం నువ్వే నడిచి పోరాదూ? కాళ్లున్నాయిగా!" అంది ఫ్లోరికా.

"ఆ మనిషి రమ్మంది ఇంటిని. నన్ను కాదు."

"సరిపోయారు ఇద్దరికిద్దరూ!"

ఆ వారమంతా ఇంటికీ కుదురు లేదు. కిర్రుకిర్రుమంటూ, అటకమీది పళ్లేలు పడేసుకుంటూ, ఏళ్ల నడక రోజుల్లో నడవాలని తంటాలు పడింది. శుక్రవారం గవ్రిల్ చక్రం బిగించాడు. గొట్టాల హోరు ఆగింది. కుక్కలు లేచి దిక్కులు చూశాయి. ఇల్లు గవ్రిల్ కంచెకు ఆనుకుని ఆగిపోయింది. అతని గడప ఇంకా అవతలే ఉంది.

ఆదివారానికి నేల చల్లబడింది. గవ్రిల్ ఇంట్లోంచి గునపంతో ఏదో పెకలిస్తున్న చప్పుడు వినబడింది. ఊరు వదిలి పోవడానికి సామాను ఊడదీస్తున్నాడనుకుంది సావెత. ఏడుపు ఆపుకోలేక తలుపు తీసింది.

కంచె పడి ఉంది. గవ్రిల్ ఓక్ గడపను భుజాన మోసుకుంటూ, ఆయాసపడుతూ వస్తున్నాడు. తెచ్చి ఆమె మెట్ల ముందు దించాడు.

"ఇదిగో నా గడప. నీ ఇల్లు దీని దగ్గరికి వచ్చినట్టేనా, కాదా?"

సావెత చెప్పు విడిచి దాని మీద కాలు పెట్టింది. చెక్క వెచ్చగా ఉంది.

"ఇన్నాళ్లు పట్టిందా నీకిది తట్టడానికి?" అంది కళ్లు తుడుచుకుంటూ. "కాళ్లు దులుపుకుని లోపలికి రా."