తక్కువ జీతానికి ఒప్పుకున్నవాడు

హావర్టీ ఇంటికొచ్చి మరీ అడగడంతోనే లమాంట్ గిడ్రీకి అనుమానం మొదలైంది. లూయివిల్ బాస్కెట్‌బాల్ జట్టుకు తొమ్మిదేళ్లుగా ఆడుతున్నాడు లమాంట్. ఎవర్ని తేవాలో, ఎవర్ని పంపాలో తేల్చే మేనేజర్ హావర్టీ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అతని గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు వరండాలో కూర్చుని, లమాంట్ భార్య యివెట్ వేయించిన చేపను తెగ మెచ్చుకుంటున్నాడు.

"కప్పు కొట్టాలంటే మనకో మంచి సెంటర్ కావాలి, బుట్ట కింద నిలబడి కాచే పొడుగువాడు. ఏడడుగులవాణ్ణి ఒకణ్ణి చూసిపెట్టాను," అన్నాడు హావర్టీ. "కానీ జీతాలకు లీగ్ గీసిన గీత ఉందిగా, దాన్ని దాటలేను. నువ్వు సగానికి ఒప్పుకుంటే మిగిలినదాంతో అతన్ని తెస్తా."

"జట్టులో ఎమెట్ కూడా ఉన్నాడుగా, వాణ్ణి అడగలేదా?"

"అతని ఒప్పందం ఇంకా నడుస్తోంది, ఆ జీతం ముట్టుకోలేను. నీదే ఈ వేసవితో అయిపోయింది."

లమాంట్ ప్లేటు పక్కన పెట్టాడు. "సగం జీతానికి ఆడేవాడంటే ఏ జట్టయినా ఎగబడి తీసుకుంటుంది. రేపు మీకు ఇంకెవరో కావాల్సొస్తే, నన్నిచ్చి వాణ్ణి తెచ్చుకోరని ఏంటి నమ్మకం?"

"నిన్ను పంపిస్తే ఈ ఊరు నన్ను బతకనిస్తుందా?" అని నవ్వాడు హావర్టీ.

అతని కారు మలుపు తిరిగాక యివెట్ ప్లేట్లు తీస్తూ అంది: "ఆ మాటన్నప్పుడు నీ మొహం వంక చూడలేదాయన. గమనించావా?"

గమనించాడు.

మర్నాడు జిమ్‌లో ఎమెట్ రస్క్ వచ్చి పక్కన కూర్చున్నాడు. జట్టులో చేరిన కొత్తలో ఏడాదిపాటు లమాంట్ ఇంట్లోనే ఉన్నాడు ఎమెట్. "సంతకం పెట్టెయ్ అన్నా. హావర్టీ మాట తప్పే మనిషి కాదు," అన్నాడు.

"నీకెవరు చెప్పార్రా? నేనింకా ఎవరితోనూ అనలేదే."

ఎమెట్ నీళ్లసీసా ఎత్తి చాలాసేపు తాగాడు. "అందరూ అనుకుంటున్నారు," అన్నాడు చివరికి.

ఆ రాత్రే లమాంట్ తన లాయరుకు ఫోన్ చేశాడు. తన అనుమతి లేకుండా తనను ఏ జట్టుకూ పంపకూడదని ఒప్పందంలో రాయించమన్నాడు. సంతకాల కోసం కలిసినప్పుడు అది వినగానే హావర్టీ ముఖంలో నవ్వు పోయింది.

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది. కాగితం మీద ఉంటే ఇంకాస్త ఉంటుంది."

హావర్టీ ఎంత లాగినా లమాంట్ దిగిరాలేదు. ఆ సెంటర్ మీద మరో జట్టు కన్నేసిందని తెలిశాక, హావర్టీయే దిగొచ్చి ఆ వాక్యం రాయించాడు. లమాంట్ సగం జీతానికి సంతకం పెట్టాడు, ఏడడుగులవాడు జట్టులోకొచ్చాడు.

సీజన్ మొదలయ్యాక జట్టు వరసగా గెలిచింది. కోర్టులో లమాంట్, ఎమెట్ ఒకరికొకరు బంతి అందించుకునేవాళ్లు గానీ, బయట కలిసి భోంచెయ్యడం మానేశారు. ఎమెట్ ఎవరితో గుసగుసలాడినా లమాంట్ చెవులు అటే ఉండేవి.

జనవరిలో కొత్త సెంటర్ మడమ దెబ్బతింది. హావర్టీ లమాంట్‌ని ఆఫీసుకు పిలిపించాడు.

"ఇంకో సెంటర్ దొరికాడు. ఆ జట్టు బదులుగా నిన్నే అడుగుతోంది. నువ్వు సరేనంటే ఈ పూటే అయిపోతుంది."

"ఈ ఊరు మిమ్మల్ని బతకనిస్తుందా?"

హావర్టీ నవ్వలేదు. "నువ్వు కాదంటే ఇంకొకరిని పంపాలి."

లమాంట్ తల అడ్డంగా ఊపి లేచొచ్చేశాడు. ఎవర్ని అని అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎమెట్‌ని పంపించేశారన్న వార్త వచ్చింది. లమాంట్ వెళ్లేసరికి అతను జిమ్ బయట కారులోకి బూట్లు సర్దుకుంటున్నాడు.

"ఆ రోజు నిన్ను ఒప్పించమని పంపింది ఆయనే అన్నా," అన్నాడు ఎమెట్, తలెత్తకుండా. "ఒప్పిస్తే నన్నెప్పటికీ కదపనన్నాడు."

"రాయించుకున్నావా?"

"నోటిమాటే. నమ్మాను."

అనుమానం నిజమైనందుకు కోపం రావాల్సింది. లమాంట్‌కి రాలేదు. "నిన్న ముందు నన్నడిగాడు. కాదన్నాను. ఇంకొకర్ని పంపుతానన్నాడు. నువ్వేనేమో అనిపించింది. అయినా అడగలేదు."

ఎమెట్ డిక్కీ మూశాడు. "నేనైతే అడిగేవాణ్ణా అని ఆలోచిస్తున్నా," అని కారెక్కాడు.

జూన్‌లో లూయివిల్ కప్పు గెలిచింది. వేదిక మీద హావర్టీ చేతులు చాచి కౌగిలించుకోబోయాడు. లమాంట్ చెయ్యి కలిపి పక్కకు జరిగాడు. జనం ఇంకా కేకలేస్తుండగానే లోపలికెళ్లి ఎమెట్‌కి ఫోన్ చేశాడు.

"చూశానన్నా. బాగా ఆడావు," అన్నాడు ఎమెట్. "కానీ నాకింకా కోపం తగ్గలేదు. కొన్నాళ్లాగి చెయ్యి," అన్నాడు.

"సరేరా."

ఆగస్టులో మళ్లీ చేశాడు. ఎమెట్ ఫోనెత్తాడు.