సీతాబాయి కాలికి రాతిపువ్వు

అమీర్‌పేట మార్కెట్ల హనుమాండ్లు మసాలా దుకాణానికి ఎవరొచ్చినా మాటలు వాళ్లే మాట్లాడాలె. షాజీరా అడిగితే షాజీరా, జాపత్రి అడిగితే జాపత్రి. పొట్లం కట్టి చేతుల పెడ్తడు, అంతే. అసొంటి మనిషి ముందట హరిణి అనే పిల్ల నిలబడి గంటలకొద్ది ముచ్చట పెట్టేది. కాకినాడ దిక్కు పిల్ల. ఇక్కడ హాస్టల్ల ఉండి సనత్‌నగర్‌ల ఒక ల్యాబుల కొత్త మందుల కోసం పరీక్షలు చేస్తది.

ఆ పిల్ల కొనేది ఒక్కటే సరుకు, రాతిపువ్వు. బిర్యానీల వేస్తరు గద, బూడిద రంగుల, ఎండి ముడుచుకున్న ఆకు లెక్క ఉంటది, అదే.

"ఇది పువ్వు కాదు తాతగారూ," అన్నది ఒకరోజు. "బూజూ పాచీ కలిసి కాపురం పెడితే పుట్టేది. పాచి వండి పెడుతుంది, బూజు ఇల్లు కాపాడుతుంది. రాయి మీదైనా బతికేస్తాయి."

"నలభై ఏండ్ల సంది అమ్ముతున్న. ఎవ్వరు చెప్పలే," అన్నడు హనుమాండ్లు. ఆయన లెక్కల అది పెద్ద ఉపన్యాసమే.

ఒక శుక్రవారం హరిణి ఫోన్ల ఫోటో చూపెట్టింది. చదునైన గాజు గిన్నె. గిన్నెంత తెల్లగ మబ్బు పట్టినట్టు క్రిములు. నడుమ మాత్రం రూపాయి బిళ్లంత జాగ తేటగ ఉన్నది.

"రాతిపువ్వులోంచి తీసిన చుక్క వేశాను. దాని చుట్టూ ఒక్క క్రిమి బతకలేదు, చూశారా. మీ కొట్లో సరుకే."

ఆయన ఫోను చేతుల పట్టుకొని శానా సేపు చూసిండు. "పుండుల ఉండే క్రిమి సుత చస్తదా?"

"అవే క్రిములు తాతగారూ," అనుకుంట ఆటో అందుకోను ఉరికింది.

ఎందుకడిగిండో ఆమెకు తెల్వది. చెప్తే గద తెలిసేది.

ఇంట్ల ఆయన పెండ్లాం సీతాబాయికి పదేండ్ల సంది షుగర్. బొటనవేలు కింద పుండు పడి మూడు వారాలైతుంది, మానుత లేదు. ఆమె అక్క వజ్రమ్మకు గిట్లనే ముందు వేలు తీసిన్రు, ఆరు నెలలకు పాదమే తీసిన్రు. "నన్ను దవాఖానకు తీస్కపోనని మాటియ్యి," అని మొగనితోని మాట తీసుకున్నది సీతాబాయి. ఆయన ఇచ్చిండు.

తెల్లారి పొద్దుగాలే హనుమాండ్లు రాతిపువ్వు మెత్తగ నూరి, నీళ్లల్ల కలిపి, ఆమె కాళ్ల కాడ కూసున్నడు. సీతాబాయి కాలు ఎనుకకు గుంజుకున్నది.

"నువ్వు నా కాళ్లు ముట్టుడేంది? నాకు పాపం తగుల్తది."

"ఆ పాపం నా ఖాతాల రాసుకుంటరు తియ్యి."

పెండ్లయి నలభై ఐదేండ్లల్ల ఆయన చెయ్యి ఆమె పాదానికి తగలలే. ఆమె ముఖం గోడ దిక్కు తిప్పుకొని కాలు చాపింది.

"మండుతుందా?"

"లే. సల్లగున్నది."

నాలుగు దినాలు రెండు పూటల గట్లనే రాసిండు. ఎర్రబడితే మందు పట్టిందనుకున్నడు.

ఐదోనాడు హరిణి వచ్చేటాలకు ఆయన దుకాణంల కూసోని నూరుతున్నడు.

"మసాలాకా తాతగారూ?"

"మా ఇంటామె కాలుకు. పుండున్నది."

హరిణి భుజం మీది సంచి తీసి కింద పెట్టింది. "ఇల్లెక్కడ? పదండి."

ఇల్లు ఎనుక గల్లీలనే. గుడ్డ విప్పేసరికి పాదమంత ఎర్రగ కమిలి, బొబ్బలు లేచి ఉన్నది. నుదురు ముట్టుకుంటే జ్వరం.

హరిణి ఆమె కాళ్ల కాడ కూసున్నది. "తప్పు నాది. గిన్నెలో క్రిమి చచ్చిందంటే మనిషి మీద పని చేస్తుందని కాదు. నేను అందులోంచి ఒక్క పదార్థమే వేరు చేసి వేశాను. మిగతావి చర్మానికి పడకపోవచ్చు. ఆ ముక్క చెప్పకుండా పరిగెత్తాను."

"నేను అడిగినదానికి నువ్వు చెప్పినవు బిడ్డా. నేనే సగం అడిగిన."

"నేను దవాఖానకు రాను," అన్నది సీతాబాయి.

హనుమాండ్లు ఆమె పక్కన కూసున్నడు. "ఏమే, నీకిచ్చిన మాట ఇయ్యాల వాపస్ తీసుకుంటున్న. తిట్టుకుంటే తిట్టుకో. లే."

ఆటోల పంజాగుట్ట దవాఖాన దాక ఆమె తిట్టుకుంటనే వచ్చింది.

డాక్టరమ్మ పేరు వసుమతి. పుండు కడిగి, చూసి, దాచకుండ చెప్పింది. "పైన బొబ్బలు ఆ పొడి పడక వచ్చినయి, తగ్గుతయి. లోపలి పుండే గట్టిది. మూడు దినాలు మందెక్కిస్త. వేలు ఉంటదో లేదో గప్పుడే చెప్త."

సీతాబాయి అటు దిక్కు ఒత్తిగిల్లి పండుకున్నది. మంచం పక్కన స్టూలు మీద హనుమాండ్లు, ఎక్కే మందు చుక్కలను చూసుకుంట.

సాయంత్రం హరిణి వచ్చి సీసా మీద పేరు చదివింది. "ఈ మందుకి మూలం కూడా బూజే తాతగారూ. క్రిమిని చంపుతుందని ముందు గిన్నెలోనే చూశారు. మనిషికి ఎంతివ్వాలో, ఎలా ఇవ్వాలో తేల్చడానికి మాత్రం ఏళ్లు పట్టింది."

"అయితే నీ రాతిపువ్వుకు సుత టైం పడ్తది."

"పడుతుంది. ఏమీ తేలకపోవచ్చు కూడా."

"ఫికర్ జెయ్యకు. సరుకు నేనిస్త."

మూడోనాడు వసుమతి కట్టు విప్పింది. వేలు అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. వార్డుల పక్క మంచపామె సుత మెడ చాపి చూస్తుంది.

"వేలు ఉంటది," అన్నది వసుమతి.

సీతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఇంట్ల రోజు కడిగి కట్టు కట్టాలె. నెల దినాలు. ఎవరు చేస్తరు? ఈమె మనవరాలా?" అని మంచం కాళ్ల కాడ నిలబడ్డ హరిణి దిక్కు చూసింది.

హనుమాండ్లు బడిల పిలగాని లెక్క చెయ్యి లేపిండు. పక్క మంచపామె కిసుక్కున నవ్వింది.

"అయితే చూడు పెద్దాయనా. ముందు మోచేతుల దాక సబ్బుతోని చేతులు కడుక్కోవాలె. నువ్వేం రాసినా ఈమెకు మండుతుందా అని అడగాలె."

"అడిగిన. సల్లగున్నదన్నది."

"మండింది," అన్నది సీతాబాయి. "నిప్పులల్ల పెట్టినట్టు."

హనుమాండ్లు ఆమె దిక్కు తిరిగిండు. "మరి చెప్పవద్దా?"

"చెప్తే నువ్వు కాలిడిసి లేచిపోతుంటివి."

వసుమతి చేతిల దూది పట్టుకొని నిలబడ్డది. హరిణి కిటికీ దిక్కు తిరిగింది.

"ఇగ మండితే చెప్పు," అన్నడాయన. "లేచిపోను."

లేచి నల్లా కాడికి పోయి, డాక్టరమ్మ చెప్పినట్టు మోచేతుల దాక సబ్బు రుద్దుకుంట, ఇంకా ఇంకా రుద్దుకుంట నిలబడ్డడు.