ఆఖరి వరుస లేని మాయాశాఖ

నేను ఒక కుట్టుడు పుస్తకాన్ని. వారపత్రికలో వచ్చిన ‘మాయాశాఖ’ సీరియల్ కాగితాలను ఇందుమతి గారు వారం వారం చింపి దాచుకున్నారు. కథ ముగిశాక కాకినాడలో బైండింగ్ జిలానీకి ఇస్తే, అతను కుట్టి అట్ట వేశాడు. నా బతుకు నష్టంతోనే మొదలైంది. అంచులు సమంగా రావాలని జిలానీ కత్తిని మరీ లోపలికి దించాడు. ప్రతి పేజీలోనూ అడుగు వరుస తెగిపోయింది.

“కథ కోసేశావేంటయ్యా?” అన్నారావిడ.

“అంచు చూడండమ్మా, అద్దంలా లేదూ!” అన్నాడు.

కోత పడ్డ సరుకును ఎవరు కోరతారు? ఆవిడ మాత్రం నన్ను సంచిలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళారు. సర్కారు ఆఫీసులో టైపిస్టు. ఇంట్లో ఒక్కరే, ఆఫీసులోనూ మిషను పక్కన ఒక్కరే క్యారేజీ విప్పుకునేవారు. ఆ మధ్యాహ్నం నన్ను చదువుతూ పైకే నవ్వారు. జూనియర్ గుమాస్తా భ్రమరాంబ తొంగి చూసింది. “మాకూ చదవండి మేడమ్.”

కథలో, చింతచెట్టు మీద ఉండనివ్వమని ఒక దెయ్యం మాయాశాఖకు అర్జీ పెట్టుకుంటుంది. చచ్చినట్టు ఒక సర్టిఫికెట్టూ, ఏటా బతికున్నట్టు ఇంకో సర్టిఫికెట్టూ తెమ్మంటారు. “‘అయ్యా, నా అర్జీ ఏమైంది?’ అంది దెయ్యం. గుమాస్తా తలెత్తకుండా...” పేజీ అయిపోయింది. ఇందుమతి గారు ఆగారు.

“‘సీట్లో మనిషి లేడు’ అన్నాడు!” అందించారు సూపరింటెండెంటు రత్నరాజు గారు, పెరుగన్నం కలుపుతూనే.

“మీరు రోజూ అనేదేగా సార్!” అంది భ్రమరాంబ. గదంతా నవ్వు.

అక్కడి నుంచి నా లెక్క తిరగబడింది. ప్రతి పేజీ చివరా ఆవిడ ఆగడం, వాళ్ళు తలో మాటా విసరడం. నిండు పుస్తకాన్నయితే చదివి మూసేసేవారు. తెగిన చోటే మనుషులు చేరారు. అసలు వరుసలన్నీ ఆవిడకు గుర్తే. ఎన్నడూ బయటపెట్టలేదు. బేరం తెలిసిన మనిషి.

ఆవిడ రిటైరయ్యారు. దండా, శాలువాతో పాటు నేనూ ఇంటికి చేరాను. ఆ గుంపు మాత్రం రాలేదు.

చాన్నాళ్ళకు రత్నరాజు గారు వచ్చారు. ఆయనా రిటైరయ్యారు. చేతిలో కొత్త అచ్చు మాయాశాఖ. “మీకోసమే తెచ్చాను మేడమ్. ఇందులో ఒక్క ముక్క పోలేదు.”

ఆవిడ పైకి చదివారు. దెయ్యం పేజీ చివర అలవాటుగా ఆగి తలెత్తారు. వరుస అక్కడే ఉంది. ఆయనే తొంగి చూసి చదువుకున్నారు.

“ఇదా అసలుది? నా మాటే బాగుందండి!”

“అయితే పాతదే చదువుకుందాం. ఆదివారం వస్తారా?”

“చూద్దాం మేడమ్.”

ఏ అర్జీకి ‘చూద్దాం’ అంటారో ఆవిడకు తెలుసు. అయినా ఆదివారం రెండు కుర్చీలు వేసి, రెండు గ్లాసుల్లో కాఫీ పోశారు. నన్ను ఒళ్ళో పెట్టుకుని చదివారు.

“గుమాస్తా తలెత్తకుండా...”

ఆగారు. గేటు వైపు చూశారు. ఎదుటి గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టింది.

“సీట్లో మనిషి లేడు,” అన్నారు, అచ్చం రత్నరాజు గారి గొంతుతో.

నవ్వలేదు. పేజీ తిప్పారు.